మనకి సంఘం షాట్ కావాలె

(ఝరాసంగంలో జరిగిన ఆదివాసీ యువత సమావేశంలో చేసిన ప్రసంగం. చదువుకోవడానికి వీలుగా కొంచెం సరిచేసి ఇక్కడ పెడుతున్నం.)

   

పొద్దటి నుంచి భూమి పట్టాల గురించి, హాస్టళ్ళ గురించి, ఆగిపోయిన స్కాలర్‌షిప్పుల గురించి మాట్లాడుకున్నం. నా వంతు వచ్చేసరికి సినిమా అవార్డుల గురించి మాట్లాడతా అన్న. ముందు వరుసలో కూర్చున్న ఒక అన్న నవ్వి, "పట్టా లేనోనికి బంగారు బొమ్మతో ఏం పనిరా?" అన్నడు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పుకుంటనే మాట్లాడతా.

మన భూమి ఫైలు చూసే ఆఫీసరు, మన కేసు రాసే ఎస్సై, మన పిల్లలకి పాఠం చెప్పే సారు. వీళ్ళలో చాలామంది ఉద్యోగంలో చేరేదాకా ఒక్క ఆదివాసీ ఇంట్లో కూడా అన్నం తిని ఉండరు. కానీ ఆదివాసీ అంటే ఎట్లుంటడో తమకి తెలుసనుకుంటరు. ఎట్ల తెలుసు? సినిమాలో చూసిన్రు. ఆ సినిమా బొమ్మని మనసులో పెట్టుకునే మన ఫైలు తెరుస్తరు.

నేను డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ డే నాడు "ట్రైబల్ డాన్స్" అని ఒకటి పెట్టిన్రు. నడుముకి ఆకులు, తలకి ఈకలు, ముఖానికి నల్ల రంగు, నోట్లో అర్థం లేని కేకలు. నన్ను పిలిచి, "నువ్వైతే ఒరిజినల్‌గా ఉంటది" అన్నరు. మా అమ్మ చీర కడుతది, మా నాన్న ధోతి కడుతడు, నేను జీన్స్ ప్యాంటు వేసుకుని కాలేజీకి పోయిన. ఆ ఆకుల వేషం మా ఊరిది కాదు, ఏ ఊరిదీ కాదు. అది సినిమా పాటలోది. గోండు గూడాల్లో గుస్సాడి వేసేటోళ్ళు పెట్టుకునే నెమలి ఈకల టోపీకి ఒక కాలం ఉన్నది, నియమం ఉన్నది. దీపావళి ముందు వచ్చే దండారి రోజుల్లోనే అది తలకెక్కుతది. ఆ గుస్సాడిని బతికించినందుకే మర్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ ఇచ్చిన్రు. సినిమాలో మాత్రం ఆ ఈకలు ఏ పాటకైనా, ఎవరి తలకైనా పనికొచ్చే అలంకారం.

ఇప్పుడు అవార్డు సంగతి. అవార్డు అంటే ముద్ర. పట్టా మీద ముద్ర పడితే భూమి ఫలానా వాళ్ళది అయినట్టు, సినిమా మీద అవార్డు ముద్ర పడితే అందులోని బొమ్మ సరైన బొమ్మ అయిపోతది. అందుకే ఆ ముద్ర ఎవరి చేతిలో ఉన్నది, ఎవరి మీద పడుతున్నది అని చూడటం కూడా పట్టా గొడవ లాంటిదే.

2023 మార్చి 12 రాత్రి, మనకి 13 తెల్లారి, అమెరికాలో 95వ ఆస్కార్ వేడుక జరిగింది. ఆ రోజు మన దేశంలో తీసిన సినిమాలకి రెండు ఆస్కార్లు వచ్చినయి. ఒకటి మీ అందరికీ తెలుసు. ఆర్ఆర్ఆర్ లోని నాటు నాటు పాట. సంగీతం కీరవాణి గారు, సాహిత్యం చంద్రబోస్ గారు. రెండోది ది ఎలిఫెంట్ విస్పరర్స్ అనే చిన్న డాక్యుమెంటరీ. తమిళనాడు ముదుమలై అడవిలో తల్లి లేని ఏనుగు పిల్లల్ని సాకే బొమ్మన్, బెల్లి అనే దంపతుల కథ అది. వాళ్ళు కట్టునాయకన్ తెగ వాళ్ళు.

ఒక్క నిమిషం ఆగి ఆలోచించుర్రి. మొదటి సినిమాలో ఇద్దరు హీరోల్లో ఒకరు గోండు, కొమురం భీం. రెండో సినిమాలో ఇద్దరూ ఆదివాసీలే. అంటే ఆ రాత్రి వచ్చిన రెండు ఆస్కార్ల వెనకా ఆదివాసీ ఉన్నడు. వేదిక మీద మాత్రం ఒక్క ఆదివాసీ లేడు. భీం పాత్ర వేసింది జూనియర్ ఎన్టీఆర్ గారు. డాక్యుమెంటరీకి అవార్డు అందుకున్నది దర్శకురాలు కార్తికి గొన్సాల్వెస్, నిర్మాత గునీత్ మోంగా. బొమ్మన్, బెల్లి ఆ రాత్రి ఇక్కడనే, ఏనుగుల దగ్గరనే ఉన్నరు. బొమ్మ వాళ్ళ చేతికి తర్వాత వచ్చింది, ఫొటో కోసం.

నేను ఎవరినీ తిట్టడానికి ఇది చెప్తలేను. రెండు సినిమాలూ కష్టపడి తీసినవే. డాక్యుమెంటరీ చూస్తే బొమ్మన్, బెల్లి మీద ప్రేమ కనిపిస్తది. కానీ మనుషుల్ని ప్రేమించడం వేరు, వాళ్ళకి వేదిక మీద కుర్చీ వేయడం వేరు.

అదే రాత్రి ఇంకొకటి జరిగింది. నాటు నాటు పాటకి ఆస్కార్ వేదిక మీద డాన్స్ వేసిన్రు. పాడింది మన రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ. కానీ ముందు నిలబడి ఆడిన ముఖ్యమైన డాన్సర్లలో మన దేశపు మూలాలున్నోళ్ళు లేరు. అమెరికాలో ఉన్న భారతీయ డాన్సర్లు చాలామంది బాధపడ్డరు. మా పాటకి మమ్మల్ని ఎందుకు పిలవలేదు, మేం లేమా, మాకు ఆడరాదా అని అడిగిన్రు. ఇక్కడ మన తెలుగోళ్ళు కూడా సోషల్ మీడియాలో ఆ ప్రశ్నని పంచుకున్నరు. నేనూ పంచుకున్న. సరైన ప్రశ్న అది.

అయితే అదే కొలత ఇంకొక అడుగు లోపలికి తెద్దాం. తెలుగు పాటకి తెలుగు మనిషి లేకపోతే నొప్పి పుట్టింది కదా. గోండు వీరుని సినిమాలో పేరున్న పాత్రల్లో గోండు మనిషి ఎక్కడ అని అడిగితే, "నీకు అన్నిట్లా కులమే కనపడుతది" అని ఎందుకంటరు? ఆ నొప్పి వాళ్ళకైతే ఆత్మగౌరవం, మనకైతే గొడవ. ఇదెక్కడి లెక్క?

లెక్క పెట్టడం తెలుగోళ్ళకి కొత్తేం కాదు. 2023 ఆగస్టు 24న 69వ జాతీయ సినిమా అవార్డులు ప్రకటించినప్పుడు పుష్ప సినిమాకి అల్లు అర్జున్ గారికి ఉత్తమ నటుడు వచ్చింది. 69 ఏళ్ళలో తొలిసారి ఒక తెలుగు నటునికి వచ్చిందని పండగ చేసుకున్నం. 69 ఏళ్ళు లెక్కపెట్టి, ఇన్నాళ్ళు మనకెందుకు రాలేదని అడగడం తప్పు కాదంటే, తెలుగు సినిమా లోపల ఆదివాసీ లెక్క అడగడం కూడా తప్పు కాదు. తెలంగాణలో 2024ల చేసిన కులసర్వే ప్రకారం మనం 10.45 శాతం. పది మందిలో ఒకరు. ఏ అవార్డు లిస్టయినా తీసుకుని పది పేర్లు చదువుర్రి. ఆ ఒక్కరు ఎక్కడ?

కొమురం భీం దగ్గరికి వద్దాం. 2020 అక్టోబర్ 22న, భీం పుట్టినరోజని చెప్పి, ఆర్ఆర్ఆర్ నుంచి ఒక వీడియో వదిలిన్రు. అందులో భీం తలకి టోపీ, కండ్లకి సుర్మా. దాని మీద పెద్ద లొల్లి అయింది, ఆదిలాబాద్‌ల రాజకీయ నాయకులు దిగిన్రు, వారాల తరబడి టీవీల చర్చలు నడిచినయి. అంతా టోపీ మీదనే. గోండుల నుంచి ఎవరినన్నా అడిగి రాసిన్రా, గోండి భాష ఎంత ఉంటది, గోండు నటులకి పాత్రలున్నయా అన్న ప్రశ్నలు ఆ లొల్లిలో వినబడలేదు. మన పేరు మీద కొట్లాడినోళ్ళు కూడా మనల్ని అడగలేదు.

ఇక ఆ సినిమా ముగింపు గుర్తు చేసుకోండి. యుద్ధం అయిపోయినంక, నీకేం కావాలె అని రాముడు అడిగితే, చదువు కావాలె అంటడు భీం. అప్పుడు రాముడు జల్, జంగల్, జమీన్ అని రాసి ఇస్తడు. ఆ మూడు మాటలు ఎవరివి? భీంవి. బాబెఝరి, జోడేఘాట్ గుట్టల్లో, నిజాం అటవీ అధికారుల మీద, పశువుల మేత మీద వేసే పన్నుల మీద కొట్లాడుతూ పుట్టిన మాటలవి. 1940లో జోడేఘాట్‌లో పోలీసు తూటాలకి ఒరిగిపోయేదాకా ఆయన పట్టుకున్న మాటలవి. ఆయన జీవితం రాసినోళ్ళు, చంద్రపూర్‌లో విఠోబా అనే ప్రచురణకర్త దగ్గర చదవడం రాయడం నేర్చుకున్నడని, అస్సాం తేయాకు తోటల్లో పనిచేసి కూలీల పోరాటాన్ని చూసిండని చెప్తరు. అట్లాంటి మనిషికి ఆయన నినాదాన్నే ఇంకొకరి చేత రాయించి ఇచ్చిన్రు. ఇది కల్పిత కథ అని దర్శకుడు ముందే చెప్పిండు, కాదనను. కానీ కల్పనలో కూడా మన చేతిలో కలం పెట్టడానికి మనసొప్పలేదు. అది చిన్న విషయం కాదు.

ఈ సినిమాకే జాతీయ అవార్డులు ఆరు వచ్చినయి. అందులో ఒకటి ఉత్తమ గాయకుడు, కాలభైరవకి. ఏ పాటకి? కొమురం భీముడో అన్న పాటకి. రాసింది సుద్దాల అశోక్ తేజ గారు. విని ఏడ్వనోళ్ళు మనలో ఎవరూ లేరు. తర్వాత తెలంగాణ ప్రభుత్వం 2025 జూన్‌ల ఇచ్చిన గద్దర్ అవార్డుల్లో కూడా ఈ సినిమాకి ఉత్తమ చిత్రం దక్కింది. ముద్ర మీద ముద్ర. రేపు మన పిల్లలు భీం ఎవరని వెతికితే ముందు వచ్చే బొమ్మ ఇదే. అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన కొమురం భీం నవల ఎంతమంది చదివిన్రు? అల్లాణి శ్రీధర్ గారు 1990లో తీసిన కొమురం భీం సినిమాకి నంది అవార్డులొచ్చినయి, కానీ థియేటర్‌కి రావడానికి 20 ఏళ్ళు పట్టింది. ముద్ర ఉన్నా సొమ్ము లేకపోతే బొమ్మ జనానికి చేరదని కూడా దీన్ని చూసి తెలుసుకోవాలె.

మరి ఆదివాసీలకి అసలు అవార్డులే రాలేదా అంటే, వచ్చినయి. ఎక్కడొచ్చినయో చూస్తే మనకొక సంగతి తెలుస్తది.

2022 జులైలో 68వ జాతీయ అవార్డులు ప్రకటించిన్రు. ఉత్తమ గాయని నంచమ్మ. కేరళ అట్టప్పాడి లోయకి చెందిన ఇరుల తెగ ఆడమనిషి. పశువుల్ని మేపుకుంట పాడుకునే మనిషి. అయ్యప్పనుమ్ కోషియుమ్ అనే మలయాళం సినిమాలో ఇరుల భాషలో పాడిన పాటకి అవార్డు. సెప్టెంబర్ 30న ఢిల్లీలో ఆ అవార్డు ఇచ్చింది రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారు. ఒక సంతాల్ ఆడమనిషి చేతి నుంచి ఒక ఇరుల ఆడమనిషి చేతికి. ఆ ఫొటో నా ఫోన్‌ల ఇప్పటికీ ఉన్నది.

అవార్డు ప్రకటించిన వారంలోనే ఒక సంగీతకారుడు లేచిండు. ఏండ్ల తరబడి సంగీతం నేర్చుకున్నోళ్ళకి ఇది అవమానం కాదా, శ్రుతి పెడితే ఈమె పాడగలదా అన్నడు. చాలామంది గాయకులు నంచమ్మ వైపు నిలబడ్డరు, అది మంచిదే. కానీ ఆ ప్రశ్నని గమనించండి. మన పాట వాళ్ళ సినిమాకి కావాలె. అవార్డు వేళకి మాత్రం మన పాటని వాళ్ళ తూకపురాయితో తూచాలె. అవార్డు వచ్చినంక కూడా ఆమె కుటుంబం భూమి కోసం కొట్లాడుతున్నదని వార్తలొచ్చినయి. ముందు వరుసలో కూర్చున్న అన్నా, నీ మాట నిజమే. బంగారు బొమ్మ పట్టా తెచ్చియ్యదు. కానీ ఆ బొమ్మ వల్లనే ఆమె భూమి గొడవ ఢిల్లీ దాకా వినబడ్డది. ఆ లోయలో ఇంకెంతమంది భూములు పోయినా వార్త కాలేదు.

ఆ మలయాళం సినిమానే తెలుగులో భీమ్లా నాయక్ పేరుతో 2022 ఫిబ్రవరిలో వచ్చింది. పవన్ కల్యాణ్ గారు హీరో. భీమ్లా అనే పేరు, నాయక్ అనే పేరు ఎవరివో ఇక్కడ కూర్చున్న తండా పిల్లలకి చెప్పనక్కర లేదు. ప్రతి తండాలో ఒక భీమ్లా తాత ఉంటడు. పేరు తీసుకున్నరు, పోస్టర్ మీద పెద్దగ వేసుకున్నరు. సంతోషమే. స్కూల్లో హాజరు పిలిచినప్పుడు ఆ పేరు విని నవ్వినోళ్ళు, సినిమా వచ్చినంక ఈలలు వేసిన్రు. సినిమాకి ఎంత బలం ఉన్నదో చూడుర్రి.

అదే ఏడాది పుష్పలోని ఊ అంటావా పాటకి తెలుగులో ఫిలింఫేర్ ఉత్తమ గాయని అవార్డు ఇంద్రావతి చౌహాన్‌కి వచ్చింది. మన మంగ్లీ అక్క చెల్లెలు. అనంతపురం దిక్కు తండా నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళు వాళ్ళు. గర్వంగ చెప్పుకోవాల్సిన విషయం.

ఇప్పుడు ఈ పేర్లని పక్కపక్కన పెట్టండి. నంచమ్మ, ఇంద్రావతి, మంగ్లీ. అందరిదీ గొంతే. తెర వెనక నుంచి వినబడేది గొంతు. తెర మీద కనబడే ముఖం ఇంకొకరిది. కథ రాసే చెయ్యి ఇంకొకరిది. కెమెరా ఇంకొకరిది, డబ్బు ఇంకొకరిది. మన గొంతు దాకా సినిమా వచ్చింది, అక్కడ ఆగింది.

ఇది మన దేశం కథ మాత్రమే కాదు. 1940 ఫిబ్రవరిలో హాటీ మెక్‌డానియెల్ అనే నల్లజాతి నటికి ఆస్కార్ వచ్చింది. నల్లోళ్ళలో ఆమెకే మొదటిసారి. పాత్ర ఏంది? తెల్లదొర ఇంట్లో పనిమనిషి. ఆ వేడుక జరిగిన హోటల్లో ఆమెని మిగతా నటులతో కలిపి కూర్చోపెట్టలేదు, గోడ పక్కన వేరే టేబుల్ వేసిన్రు. అవార్డు ఇచ్చి కూడా పక్కన కూర్చోనియ్యలేదు. మన భీం జోడేఘాట్‌లో చనిపోయింది అదే ఏడాది.

75 ఏళ్ళ తర్వాత, 2015లో, నటనకి ఇచ్చే నాలుగు అవార్డుల్లో 20 మంది నామినీలూ తెల్లోళ్ళే. ఏప్రిల్ రేన్ అనే నల్లజాతి మహిళ ట్విట్టర్‌లో ఆస్కార్స్ సో వైట్ అని ఒక హ్యాష్‌ట్యాగ్ పెట్టింది. ఆస్కార్లు ఇంత తెల్లగా ఉన్నయేంది అని. 2016లో మళ్ళీ 20కి 20 తెల్లోళ్ళే. అప్పుడు అది ఉద్యమం అయింది. వాళ్ళు చేసిన తెలివైన పని ఏందంటే, ఎవరికి రాలేదు అన్నదాని దగ్గర ఆగకుండ, ఓటేసేది ఎవరు అని అడిగిన్రు. అంతకుముందే 2012లో లాస్ ఏంజిలెస్ టైమ్స్ పత్రిక లెక్క తీసింది. ఓటేసే సభ్యుల్లో 94 శాతం తెల్లోళ్ళు, 77 శాతం మగోళ్ళు. ఒత్తిడి పెరిగినంక అకాడమీ కొత్త సభ్యుల్ని చేర్చుకున్నది. ఉత్తమ చిత్రం పోటీకి వచ్చే సినిమాలకి 2024 నుంచి నియమాలు పెట్టింది. తెర మీద, తెర వెనక, శిక్షణలో, ప్రచారంలో, ఈ నాలుగింటిలో కనీసం రెండిట్లో వెనకబడేసిన వర్గాలకి చోటు ఉండాలె. హ్యాష్‌ట్యాగ్ నుంచి నియమం దాకా వచ్చింది. మీ చేతిలో ఉన్న ఫోన్‌ని చిన్నచూపు చూడకండి.

ఆ 2024 ఆస్కార్ వేడుకనే నేను ఎక్కువసార్లు చూసిన. ఓసేజ్ అనే అమెరికా ఆదివాసీ జాతి ఉన్నది. వాళ్ళ భూమి కింద చమురు పడితే, ఆ డబ్బు కోసం 1920లలో వాళ్ళని వరసపెట్టి చంపిన్రు. దాని మీద మార్టిన్ స్కోర్సేసీ అనే పెద్ద దర్శకుడు కిల్లర్స్ ఆఫ్ ది ఫ్లవర్ మూన్ తీసిండు. మొదట ఆ కథని కేసు తేల్చడానికి వచ్చిన తెల్ల పోలీసు అధికారి కథగా రాసుకున్నరు. ఓసేజ్ పెద్దలు కలిసిన్రు, కూర్చోబెట్టి మాట్లాడిన్రు. కథ మారింది, ఓసేజ్ స్త్రీ ఇంటి లోపలికి వచ్చింది. వాళ్ళ భాష, బట్టలు, మనుషులు సినిమాలోకి వచ్చిన్రు. ఆ స్త్రీ పాత్ర వేసిన లిలీ గ్లాడ్‌స్టోన్, బ్లాక్‌ఫీట్, నెజ్ పెర్స్ జాతుల బిడ్డ, ఉత్తమ నటి నామినేషన్ అందుకున్న తొలి అమెరికా ఆదివాసీ. అవార్డు రాలేదు. ఉత్తమ పాట విభాగంలో ఓసేజ్ మనిషి స్కాట్ జార్జ్ రాసిన పాట నామినేట్ అయింది. అదీ గెలవలేదు. కానీ ఆ రాత్రి వేదిక మీద ఓసేజ్ జనమే డోలు చుట్టూ కూర్చుని వాళ్ళ భాషలో పాడిన్రు, వాళ్ళ బట్టల్లో వాళ్ళే ఆడిన్రు.

ముందటేడు అదే విభాగం, అదే వేడుక, మన నాటు నాటు. గెలిచింది, కానీ మనం లేం. మరుసటేడు వాళ్ళ పాట గెలవలేదు, కానీ వాళ్ళు ఉన్నరు. ఏది పెద్దదో మీరే తేల్చుకోండి. ఆ సినిమా కూడా సంపూర్ణం కాదు, దర్శకుడు వాళ్ళోడు కాదని, ఓసేజ్ వాళ్ళే తీస్తే ఇంకోలా ఉండేదని ఆ జాతి వాళ్ళే అన్నరు. కానీ షూటింగ్‌కి ముందే దర్శకుని ముందు కూర్చోగలగడం వల్ల ఆ మాత్రమన్నా జరిగింది. టీజర్ వచ్చినంక బస్సుల అద్దాలు పగలగొడితే ఆ పని జరగదు.

మనకేం చేయాలె అన్నది ఇప్పుడు చూద్దాం. మన దగ్గర ఆస్కార్ లెక్క వేల మంది ఓట్లేయరు. జాతీయ అవార్డు కావాలంటే నిర్మాత దరఖాస్తు పెట్టాలె. సినిమాకి ఆ ఏడాది సెన్సార్ సర్టిఫికెట్ ఉండాలె. ముందు ప్రాంతీయ జ్యూరీ చూస్తది, తర్వాత కేంద్ర జ్యూరీ. రాష్ట్రంలో కూడా ప్రభుత్వం వేసిన జ్యూరీయే. అంటే పదీ పదిహేను మంది ఒక గదిలో కూర్చుని తేలుస్తరు. ఆ గదిలో ఆదివాసీ తప్పకుండా ఉండాలన్న నియమం కావాలె. మన తూకపురాయి తెలిసినోళ్ళు అక్కడ ఉంటే, శ్రుతి పెడితే పాడగలదా అన్న మాటకి గదిలోనే జవాబు పడుతది.

ఇంకొక సంగతి చాలామందికి తెల్వదు. జాతీయ అవార్డుల్లో రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో లేని భాషల సినిమాలకి కూడా చోటు ఉన్నది. గోండి, కోయ, మన గోర్ బోలి, ఏదీ ఆ షెడ్యూల్‌లో లేదు. కానీ ఆ భాషలో సినిమా తీసి పంపడానికి తలుపు తెరిచే ఉన్నది. నంచమ్మకి అవార్డు వచ్చిన ఏడే అస్సాం కొండల్లోని దిమాసా భాష సినిమా సెంఖోర్‌కి జాతీయ అవార్డు వచ్చింది. రాంచీలో బిజూ టోప్పో అన్న ఉన్నడు, ఉరావ్ ఆదివాసీ. మేఘనాథ్ గారితో కలిసి డాక్యుమెంటరీలు తీసి జాతీయ అవార్డులు తెచ్చుకున్నడు. అక్కడ గొంతు దాకా ఆగలేదు, కెమెరా ఆదివాసీ చేతిలోకి వచ్చింది.

రాంచీ దూరం అంటరా? అయితే దగ్గరికే వస్త. ఇక్కడి నుంచి మాచునూరు ఎంత దూరం? ఇదే ఝరాసంగం మండలం. 2008 అక్టోబర్ 15న అక్కడ సంఘం రేడియో మొదలైంది. దేశంలో జనమే నడిపిన తొలి రేడియోల్లో అదొకటి. నడిపింది ఎవరు? పస్తాపూర్ డీడీఎస్ సంఘాల దళిత ఆడబిడ్డలు. చేలల్లో కలుపు తీసిన చేతులతోనే మైకు పట్టిన్రు. అంతకుముందే, 1990ల చివర్ల నుంచి, వాళ్ళలో కొందరు వీడియో కెమెరా నేర్చుకున్నరు. వరంగల్ రైతులు బీటీ పత్తితో ఎట్ల మునిగిన్రో ఊరూరు తిరిగి సినిమా తీసిన్రు. శాస్త్రవేత్తలు, కంపెనీలు చెప్పే లెక్క ఒకటి, వీళ్ళ కెమెరా ముందు రైతు చెప్పిన లెక్క ఇంకొకటి.

వాళ్ళు కెమెరా నేర్చుకున్నప్పుడు ఇంగ్లీషు పేర్లు వద్దనుకుని షాట్లకి సొంత పేర్లు పెట్టుకున్నరు. పటేలు ఎక్కడ కూర్చుంటడు, కూలిమనిషి ఎక్కడ నిలబడతది, ఆ ఎత్తుపల్లాలని బట్టి పేర్లు. కండ్లకి కండ్లు సమానంగ ఉండేటట్టు, ఎదుటి మనిషి ఎత్తులోనే కెమెరా పెట్టి తీసే షాట్‌కి సంఘం షాట్ అన్నరు. ఎందుకంటే సంఘంలో అందరూ చాప మీద ఒక్క తీరుగనే కూర్చుంటరు. సినిమా బడిలో ఏండ్ల తరబడి చెప్పే పాఠాన్ని వాళ్ళు ఒక్క మాటల చెప్పిన్రు.

తెలుగు సినిమా ఇన్నాళ్ళు మనల్ని రెండు తీర్ల చూసింది. పై నుంచి కిందికి చూస్తే పాపం అమాయకులు, ఎవరో హీరో వచ్చి కాపాడాలె. కింద నుంచి పైకి చూస్తే పులితో కుస్తీ పట్టే దేవుడు. రెండిట్లా మనిషి లేడు. బస్ పాస్ రెన్యువల్ కోసం లైన్ల నిలబడే మనిషి, డీఎస్సీకి చదివే మనిషి, ప్రేమలో పడి ఫోన్ రీచార్జ్ చేయించుకునే మనిషి, మన మనిషి ఇంకా తెర మీదికి రాలేదు. ఆ మనిషి రావాలంటే సంఘం షాట్ కావాలె.

కొందరు మంచి మనసుతోనే అడుగుతరు. నటన అంటేనే వేరేవాళ్ళ లెక్క నటించడం కదా, గోండు పాత్ర గోండే వెయ్యాలంటే కళ ఎట్ల అయితది అని. సరే, ఒప్పుకుంట. ఎవరైనా ఏ పాత్రైనా వెయ్యొచ్చు. అయితే ఆ రోడ్డు రెండు దిక్కులా ఉండాలె కదా. ఒక కోయ పిల్లగాన్ని డాక్టర్ పాత్రకి, జూబ్లీహిల్స్ ఇంటి కొడుకు పాత్రకి పిలిచిన రోజు, మన పాత్రని ఎవరు వేసినా నేను అడగను. ఇప్పటికైతే అది వన్‌వే రోడ్డు.

ఇంకొందరు మార్కెట్ అంటరు. స్టార్ లేకపోతే వందల కోట్లు ఎట్ల వస్తయి అని. నిజమే. నేను వందల కోట్ల హీరో పాత్ర అడుగుతలేను. ఆ సినిమాలో పదుల కొద్దీ చిన్న పాత్రలు ఉంటయి, రాసేటోళ్ళ గదిలో కుర్చీలుంటయి, భాష నేర్పేటోళ్ళు, బట్టలు కుట్టేటోళ్ళు ఉంటరు. అక్కడ మన పేరు రాయడానికి ఏ మార్కెట్ అడ్డం వస్తది?

ఇక మనలో మన మాట ఒకటి. ఎస్టీ జాబితా మీద మనలో మనకి తగువు ఉన్నదని అందరికీ తెలుసు. ఆ తగువు ఇక్కడ తేల్చను. కానీ రేపు తండా పిల్లగాడు కెమెరా పట్టుకుని గోండు కథ తీయబోతే, వాడు కూడా ముందు గూడేనికి పోవాలె, రాయి సెంటర్‌ల పెద్దల ముందు కూర్చోవాలె, అడగాలె. గోండు పిల్లగాడు ఎరుకల కథ తీయబోయినా అంతే. మనల్ని అడగకుండా తీసిన్రని వేరేవాళ్ళ మీద కోపం తెచ్చుకునే హక్కు, మనం ఒకరినొకరం అడిగినప్పుడే ఉంటది. ఆడబిడ్డల కథ అయితే ఆడబిడ్డల్ని అడగాలె. మన సంఘాల్లో కూడా మైకు మగోళ్ళ చేతిలోనే ఎక్కువసేపు ఉంటున్నది. ఇయ్యాల ఈ మైకు కూడా.

ఈ సమావేశం నుంచి నాలుగు మాటలు తీర్మానంగా రాద్దామని నా మనవి.

ఒకటి, గద్దర్ అవార్డుల జ్యూరీలో ఆదివాసీ సభ్యులు, అందులో ఒక మహిళ, తప్పకుండా ఉండాలన్న నియమం కావాలని ప్రభుత్వానికి రాద్దాం. గద్దర్ అన్న మన పాత మెదక్ జిల్లా తూప్రాన్ బిడ్డ, గోచి కట్టి గొంగడి వేసుకుని పాడిన మనిషి. నంది అవార్డు ఇస్తే వద్దన్న మనిషి. ఆయన పేరు మీద ఇచ్చే అవార్డుకి ఈ నియమం లేకపోతే ఎట్ల?

రెండు, అదే అవార్డుల్లో గోండి, కోయ, కొలామి, గోర్ బోలి లాంటి మన భాషల్లో తీసే సినిమాలకి, చిన్న సినిమాలకి ఒక విభాగం అడుగుదాం.

మూడు, మన వీరుల మీద, మన తెగల మీద సినిమా తీసేటోళ్ళు స్క్రిప్టు దశలోనే ఆ తెగ పెద్దలతో మాట్లాడాలని అడుగుదాం. షెడ్యూల్డ్ ఏరియాలో 1996 పెసా చట్టం గ్రామసభకి ఆచార సంప్రదాయాల్ని, సాంస్కృతిక గుర్తింపుని కాపాడే అధికారం ఇచ్చింది. మన ఝరాసంగం షెడ్యూల్డ్ ఏరియా కాదు, మనకి ఆ చట్టం అందదు. అయినా అడగడానికి చట్టం అక్కర లేదు, నోరుంటే చాలు.

నాలుగోది మన కోసం. ఇక్కడున్న ప్రతి ఊరి నుంచి ఇద్దరు, ఒక తమ్ముడు ఒక చెల్లె, పేర్లు ఇచ్చి పోండి. ఫోన్ కెమెరాతోనే మొదలుపెడదాం. మాచునూరు, పస్తాపూర్ అక్కల దగ్గరికి పోయి, మాకు నేర్పండి అని అడుగుదాం. మొదటి సినిమా దేని మీద తీయాలో మీరే చెప్పండి. ముందు వరుసలో కూర్చున్న అన్నా, నీ పట్టా గొడవ మీదనే తీద్దామా? నువ్వు ఎన్నిసార్లు ఆఫీసు మెట్లు ఎక్కినవో, ఏ కుర్చీ ముందు ఎంతసేపు నిలబడ్డవో నువ్వే చెప్పు. కెమెరా నీ కండ్ల ఎత్తులోనే పెడతం.

పేర్లు రాసే కాగితం ఎడమ దిక్కు బల్ల మీద ఉన్నది. అన్నం తినడానికి పోయే ముందు రాసి పోండి.

జల్, జంగల్, జమీన్ మనవి. కలం, కెమెరా కూడా మనవి కావాలె.

జై ఆదివాసీ.